కరెంటు తిరగబడింది

మా ఊరి చెరువు కింద ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే రైతులే ట్రాక్టర్లో వేసుకుపోయి బాగుచేయించి తెచ్చారు. సాయంత్రం కరెంటొచ్చింది. మోటార్లు మోగాయి. పైపుల్లో మాత్రం నీళ్లు లేవు. ఒకరిద్దరి బోర్లు కాస్త ఉమ్మి ఊరుకున్నాయి.

ఓబులేసు మామ పైపు దగ్గర చెయ్యి పెట్టి చూసి, "కరెంటు రివర్సులో వస్తాంది" అని తేల్చేశాడు.

డిగ్రీలో ఫిజిక్స్ చదివే కొడుకు ఊరుకుంటాడా! "నాయనా, ఇది ఏసీ. సెకనుకు 50 సార్లు ముందుకు పోయి వెనక్కొస్తుంటుంది. కరెంటుకే ఒక దిక్కు లేనప్పుడు రివర్సేంది?"

"దిక్కు లేంది కరెంటుకు కాదురా, నా వరికి!"

నిజానికి ఇద్దరూ చెప్పింది సరైనదే. మోటారుకొచ్చే మూడు ఫేజు తీగల్లోనూ కరెంటు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. కాకపోతే మూడూ కలిసి ఊగవు. కోలాటంలో వంతు వచ్చినప్పుడే కోల వేసినట్టు, ఒకదాని వెనక ఒకటి అందుకుంటాయి. మోటారు ఎటు తిరగాలో చెప్పేది ఆ వరసే. ట్రాన్స్‌ఫార్మర్ బిగించేటప్పుడు రెండు తీగలు తారుమారైతే చాలు, వరస తిరగబడి మోటారు ఎదురు తిరుగుతుంది. పంపు మోత మోగుతుంది గానీ నీటిని పైకెత్తే సత్తువ ఉండదు. స్టార్టర్ దగ్గర ఏ రెండు తీగలు మార్చినా మళ్లీ దారికొస్తుంది. ఈ సంగతి ఫిజిక్స్ చదవని మామకి తెలుసు, చదివిన కొడుక్కి తెలీదు. పరీక్షలో అడగలేదట.

ఆ రాత్రి టార్చిలైట్లు, స్క్రూడ్రైవర్లతో అందరూ పొలాల మీద పడ్డారు. ఫ్యూజులు పీకి తీగలు మార్చారు. నీళ్లు దుమికాయి. అందరూ హాయిగా నిద్రపోయారు.

అంతకుముందే ఎవరో పుణ్యాత్ముడు లైన్‌మన్‌కు ఫోన్ చేసి ఉన్నాడు. ఆయన తెల్లారుజామునే వచ్చి, ఎవరినీ లేపడం ఎందుకని, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే రెండు తీగలు మార్చి బండెక్కి వెళ్లిపోయాడు.

పొద్దున చూస్తే చెరువు కింద బోర్లన్నీ మళ్లీ ఉమ్ముతున్నాయి, ఒక్క గంగన్నది తప్ప. రాత్రి బద్ధకించి స్టార్టర్ ముట్టనే లేదు మరి. గట్టు మీద పళ్లు తోముకుంటూ, "కరెంటును కెలక్కూడదబ్బా, దానంతట అదే సర్దుకుంటుంది" అని అందరికీ బోధిస్తున్నాడు.

మళ్లీ స్క్రూడ్రైవర్లు బయటికొచ్చాయి. ఈసారి మాత్రం ముందుగా లైన్‌మన్‌కు ఫోన్ చేసి, దయచేసి రావద్దని చెప్పారు.