సవరణ: కాస్టియేల్ ద్రోహం గురించి

‘సూపర్‌నేచురల్’ అనే అమెరికన్ టీవీ ధారావాహిక ఆరో సీజన్ గురించి ఇంతకు ముందు రాసినప్పుడు, దేవదూత కాస్టియేల్ అధికార దాహంతోనే నరకాధిపతి క్రౌలీతో చేతులు కలిపాడనీ, దుష్టశక్తులను వేటాడే తన స్నేహితుడు డీన్ సాయం అడగాలన్న ఆలోచనే అతనికి రాలేదనీ అన్నాను. అది తప్పు. 2011లో ప్రసారమైన 20వ ఎపిసోడ్‌ను మళ్ళీ చూశాను. డీన్ రాలిన ఆకులను పోగుచేస్తుంటే, సాయం అడగడానికే వచ్చిన కాస్టియేల్ కంటికి కనబడకుండా నిలబడి, ఇప్పుడిప్పుడే స్థిమితపడిన మనిషిని మళ్ళీ యుద్ధంలోకి లాగడానికి మనసొప్పక ఆగిపోతాడు. ఆ తటపటాయింపులోనే క్రౌలీ వచ్చి మాట కలుపుతాడు. క్రౌలీ అప్పుగా ఇచ్చిన 50,000 ఆత్మలను అతను తీసుకున్నది, ప్రళయాన్ని మళ్ళీ మొదలుపెట్టాలని చూస్తున్న ప్రధాన దేవదూత రఫాయేల్‌ను ఎదిరించడానికి. ఆ దృశ్యాన్ని మరిచి అంత కఠినంగా తీర్పు చెప్పడం నాకు నిజంగా బాధ కలిగించింది.

అయితే ‘ద్రోహం’ అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోవడం లేదు. ఉద్దేశం ఏదైనా, తనను నమ్మిన అన్నదమ్ములు డీన్, శామ్‌లకు అతను అబద్ధాలు చెప్పాడు. చివరికి తన దారికి అడ్డు రాకుండా చేయడానికి, శామ్ మనసును నరకపు జ్ఞాపకాల నుంచి కాపాడుతున్న గోడను తన చేతులతోనే కూల్చాడు.