నొప్పి పెరిగితే ఎముక అతుకుతున్నట్టు కాదు

“ఎముక విరిగితే బద్దల కట్టు బిగించండి. నొప్పి పెరిగే కొద్దీ అతుకుతున్నట్టే. పిక్క వాస్తే నూనె రాసి మర్దనా చెయ్యండి. ఎముక బయటికొస్తే పసుపు అద్దండి. 21 రోజుల్లో లేచి తిరుగుతారు.” మా కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది.

ముందు నొప్పి మాట. ఎముక కదలకుండా కడితే నొప్పి తగ్గుతూ రావాలి. ముంజేతిలో, పిక్కలో కండల చుట్టూ సాగని పొర ఉంటుంది. దెబ్బకి కండ ఉబ్బుతుంది, పొర సాగదు, పైనున్న కట్టు అసలే సాగనివ్వదు. ఆ ఒత్తిడికి సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. డాక్టర్లు దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. సుమారు 6 గంటలు దాటితే ఆ కండ ఇక కోలుకోదు.

మా వీధిలో దింపు తీసే కుర్రాడు కొబ్బరిచెట్టు మీంచి జారి ముంజెయ్యి విరగ్గొట్టుకున్నాడు. బద్దల కట్టు కట్టించారు. రాత్రికి వేళ్లు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. వాళ్లమ్మ చిటికెనవేలు కాస్త చాపబోతే కేక పెట్టాడు. “ఓర్చుకోరా అయ్యా, అతుకుతోంది” అందావిడ. ఇప్పుడా వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి, కత్తి పిడి పట్టుకోలేడు. ఆవిడని నేను తప్పుపట్టను, ఆ మాట నేర్పినవాళ్లదే తప్పు. బిగుతు కట్లతో చెయ్యి ఇలా అయిపోతుందని జర్మన్ సర్జన్ ఫోల్క్‌మన్ 1881లోనే రాశాడు. వేళ్లు చాపితే తట్టుకోలేని నొప్పి, తిమ్మిరి ఉంటే, నాడి కొడుతోంది కదా అని ఆగకండి. కట్టు విప్పించి ఆసుపత్రికి పరుగెత్తండి. ఆసుపత్రిలో వేసిన ప్లాస్టరు కిందా ఇది రావచ్చు, అప్పుడూ ఆలస్యం చెయ్యకూడదు.

మర్దనా ఇంకా ప్రమాదం. తుంటి విరిగి మంచాన పడ్డ పెద్దవాళ్లకు పిక్క వాచిందంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. రుద్దితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. తొడ ఎముక విరిగిన ఒకటి నుంచి మూడు రోజుల్లో ఆయాసం, మాటల్లో తికమక, ఛాతీ మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే మూలగలోని కొవ్వు రక్తంలో కలిసి ఉండొచ్చు. దిష్టి తియ్యడం కాదు, 108కి ఫోన్ చెయ్యండి.

పసుపు సంగతి: మనది బురద నేల. చేలో, కాలవగట్టున పడి ఎముక బయటికొస్తే ఆ గాయానికి పసుపు అద్దకుండా శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి బయల్దేరండి. యాంటీబయాటిక్ వీలైతే గంటలోపే పడాలి, ధనుర్వాతం ఇంజెక్షనూ కావాలి. ఎముకలో చీము పట్టిందంటే నెలల తరబడి వదలదు.

ఇక 21 రోజులు. చిన్నపిల్లల మణికట్టుకి మూడు నాలుగు వారాలు చాలొచ్చు. పెద్దవాళ్ల మోకాలి కింది ఎముకకి మూడు నాలుగు నెలలు పడుతుంది, చుట్ట తాగే తాతలకి ఇంకా ఆలస్యం. ఈలోగా కట్టు విప్పి నడిపిస్తే వంకరగా అతుకుతుంది. అప్పుడు దాన్ని ఆపరేషన్‌లో మళ్లీ కోసి సరిచెయ్యాల్సి రావచ్చు.