తిరిగొచ్చే దారి అందరికీ ఉండాలి

రిషభ్ పంత్ టెస్టుల్లోకి మళ్లీ అడుగుపెట్టింది మన చెన్నైలోనే. 2022 డిసెంబర్ 30 తెల్లవారుజామున రూర్కీ దగ్గర అతని కారు డివైడర్‌ను ఢీకొని తగలబడిపోయింది. కుడి మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. ఆ ఫొటోలు చూసినవాళ్లలో చాలామంది, మళ్లీ మామూలుగా నడిస్తే అదే పదివేలు అనుకున్నారు. 2024 సెప్టెంబర్‌లో ఇక్కడి చెపాక్ స్టేడియంలో బంగ్లాదేశ్ మీద రెండో ఇన్నింగ్స్‌లో అతను 109 పరుగులు చేశాడు. ప్రమాదానికి ముందు మీర్పూర్‌లో ఆడిన చివరి టెస్టు కూడా ఆ జట్టు మీదే. ఆ రోజు స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లు సెంచరీతో పాటు ఇంకో ముచ్చట కూడా చెప్పుకుంటారు. బ్యాటింగ్ చేస్తున్నవాడు కాస్తా ఆగి, మిడ్‌వికెట్ ఖాళీగా ఉంది, అక్కడ ఒకణ్ని పెట్టుకోండని అవతలి జట్టుకే ఫీల్డింగ్ సర్దిపెట్టాడు. వాళ్లు నిజంగానే పెట్టుకున్నారు. మోకాలు నయం కావడం ఒక ఎత్తు, ఆటతో ఆ చనువు తిరిగి రావడం ఒక ఎత్తు. రెండోదే మాకు ఎక్కువ సంతోషం కలిగించింది.

ఇలాంటి ఘట్టాలు ఈ ఊరికి కొత్తేమీ కాదు. 2011 ప్రపంచకప్‌లో వెస్టిండీస్ మీద యువరాజ్ సింగ్ మైదానంలో వాంతులు చేసుకుంటూనే 113 పరుగులు చేసింది ఇక్కడే. అది ఎండదెబ్బ కాదని, ఊపిరితిత్తుల మధ్య పెరుగుతున్న క్యాన్సర్ కణితి అని ఆ తర్వాత తెలిసింది. 2012 మొదట్లో అమెరికాలో కీమోథెరపీ చేయించుకున్నాడు. సెప్టెంబర్ 8న విశాఖపట్నంలో న్యూజిలాండ్‌తో టీ20లో తిరిగి ఆడాల్సి ఉంటే, వాన ఒక్క బంతి కూడా పడనివ్వలేదు. విశాఖ తెలుగువాళ్లకు దక్కాల్సిన ఆ రాత్రి, మూడు రోజుల తర్వాత చెన్నై తెలుగువాళ్లకు దక్కింది. యువరాజ్ 26 బంతుల్లో 34 కొట్టి చివరి ఓవర్లో అవుటయ్యాడు. భారత్ ఒక్క పరుగు తేడాతో ఓడిపోయింది. అయినా ఆ మ్యాచ్ పేరెత్తితే ఓటమి గురించి మాట్లాడేవాళ్లు మాకు ఇంతవరకూ తగల్లేదు.

పెద్దవాళ్లకు ఇంకా పాత సంగతి గుర్తుండొచ్చు. 1961 జులైలో ఇంగ్లండ్‌లో జరిగిన కారు ప్రమాదంలో మన్సూర్ అలీఖాన్ పటౌడీ కుడి కంటి చూపు పోయింది. ఆరేడు నెలలు తిరిగేసరికి, 1962 జనవరిలో, మద్రాసు కార్పొరేషన్ స్టేడియంలో ఇంగ్లండ్ మీద 103 పరుగులు చేశాడు. టెస్టుల్లో అదే ఆయన మొదటి సెంచరీ. ఆ సిరీస్ మనమే గెలిచాం. తర్వాతి రోజుల్లో ఆయన హైదరాబాద్ జట్టులో మన జయసింహ కెప్టెన్సీలో ఆడాడు.

ఈ కథలు చెప్పుకునేటప్పుడు మనం గుండె ధైర్యం దగ్గరే ఆగిపోతాం. ఆ ధైర్యానికి ఎవరూ సాటిరారు, నిజమే. కానీ పడిపోయిన రోజుకూ లేచి నిలబడిన రోజుకూ మధ్య ఏం జరిగిందో ఎవరూ అడగరు. పంత్ 2023 మార్చిలో ఒక వీడియో పెట్టాడు. చేతికర్ర ఊతంగా, ఈతకొలనులో నడుంలోతు నీళ్లలో ఒక్కో అడుగే వేస్తున్నాడు. అప్పటికి ప్రమాదం జరిగి రెండున్నర నెలలు. టెస్టు ఆడటానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. అంతకాలం ఫిజియోలు, ట్రైనర్లు, సర్జన్లు అతని వెంటే ఉన్నారు. డెహ్రాడూన్ నుంచి ముంబైకి విమానంలో తరలించిన రోజు నుంచీ భారత క్రికెట్ బోర్డు అండగా నిలిచింది. బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీ తలుపులు తెరిచే ఉంచింది. 2021 చివరి నుంచి ఆ అకాడమీ బాధ్యతలు చూస్తున్నది మన వీవీఎస్ లక్ష్మణ్ కావడం తెలుగువాళ్లుగా మనకు గర్వకారణం.

ఫాస్ట్‌బౌలర్ బుమ్రాదీ అదే దారి. 2023లో న్యూజిలాండ్‌లో వెన్నుకు సర్జరీ, అకాడమీలో నెలల తరబడి సాధన, ఆ ఏడాది ప్రపంచకప్‌లో 20 వికెట్లు. అదే ఏడాది తొడకు ఆపరేషన్ అయిన కేఎల్ రాహుల్ ఆసియాకప్‌లో పాకిస్థాన్ మీద సెంచరీతో తిరిగొచ్చాడు. అక్టోబర్ 8న చెపాక్ ఉక్కపోతలో దాదాపు 50 ఓవర్లు కీపింగ్ చేసి, స్నానం చేసి ఓ అరగంట కాళ్లు చాపుకుందామనుకునే లోపే 2 పరుగులకు 3 వికెట్లు పడ్డాయి. వెళ్లి 97 నాటౌట్‌తో ఆస్ట్రేలియా మీద మ్యాచ్ గెలిపించాడు. బాగుచేసిన తొడ కండరం అంతసేపు నిలబడిందంటే, ఆ ఘనతలో సగం పేరు తెలియని ఫిజియోలది.

తిరిగొచ్చిన ప్రతివాడూ గెలవడు. 2016లో చెపాక్‌లోనే 303 నాటౌట్ చేసిన కరుణ్ నాయర్ జట్టులో చోటు కోల్పోయి, దేశవాళీలో పరుగుల వరద పారించి, ఎనిమిదేళ్ల తర్వాత 2025లో ఇంగ్లండ్‌లో టెస్టు ఆడాడు. ఎనిమిది ఇన్నింగ్స్‌లో ఒకే అర్ధసెంచరీ. మళ్లీ పక్కన పెట్టారు. అతనికి ఇచ్చిన అవకాశం వృథా అయిందని మేము అనుకోం. సంపాదించుకున్నవాడికి తలుపు తెరవడం వరకే సెలెక్టర్ల ధర్మం.

అంబటి రాయుడిని ఆటకు దూరం చేసింది గాయం కాదు. బోర్డు గుర్తింపు లేని ఇండియన్ క్రికెట్ లీగ్ (ఐసీఎల్)లో చేరినందుకు బోర్డు దూరం పెట్టింది. 2009లో క్షమాభిక్ష దొరికాక కూడా భారత్ తరఫున తొలి మ్యాచ్ ఆడటానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. 2018లో, రెండేళ్ల సస్పెన్షన్ ముగించుకుని తానే తిరిగొచ్చిన చెన్నై ఐపీఎల్ జట్టు అతన్ని తీసుకుంది, ఆ సీజన్‌లో 602 పరుగులు చేశాడు. 2019 ప్రపంచకప్‌కు తీసుకోలేదని కోపంలో రిటైరైపోయి, మళ్లీ ఆ మాట వెనక్కి తీసుకున్నప్పుడు కొందరు తప్పుపట్టారు. మనసు నొచ్చుకున్న మనిషికి ఆ మాత్రం వెసులుబాటు ఉండాలి. 2023లో ఐపీఎల్ కప్పుతోనే వెళ్లాడు.

స్టార్ల సంగతి అలా ఉంచుదాం. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చి, ట్రిప్లికేన్‌లో నలుగురితో గది పంచుకుని, ఇక్కడి లీగ్‌లో డివిజన్ల మెట్లు ఎక్కుదామని చూసే కుర్రాడికి డైవ్ చేస్తూ మోకాలి లిగమెంట్ (ఏసీఎల్) తెగితే? ఆపరేషన్‌కు అప్పో సప్పో చేస్తారు. ఆ తర్వాత కనీసం తొమ్మిది నెలలు సాగాల్సిన ఫిజియోథెరపీ రెండో నెలకే ఆగిపోతుంది. సెషన్‌కు ఇంత అని కట్టలేక ఇంట్లోనే తువ్వాలు చుట్టి మోకాలు వంచుకుంటాడు. వాపు తగ్గగానే నెట్స్‌కు వెళ్తాడు, మళ్లీ తిరగబెడుతుంది. "ఇక చాలు నాన్నా, ఏదైనా ఉద్యోగం చూసుకో" అంటారు అమ్మానాన్నలు. వాళ్లను ఎలా తప్పుపడతాం? పంత్‌కు ఉన్న పట్టుదల ఆ కుర్రాడికీ ఉండొచ్చు. లేనిదల్లా మిగతావే.

ఆడపిల్లల పరిస్థితి ఇంకా కష్టం. విశాఖ అమ్మాయి స్నేహ దీప్తి తల్లయ్యాక 2023లో తొలి మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్)లో ఢిల్లీ జట్టులో చోటు సంపాదించింది. ప్రతీకా రావల్ గాయపడటంతో, జట్టుకు దూరమైన షెఫాలీ వర్మ సెమీస్ ముందు పిలుపు అందుకుని, 2025 ప్రపంచకప్ ఫైనల్లో 87 పరుగులు, రెండు వికెట్లతో కప్పు తెచ్చిపెట్టింది. వీళ్లను చూసి బ్యాట్ పట్టిన పిల్లలకు కాన్పు తర్వాతో, గాయం తర్వాతో ఆటలోకి మళ్లీ వచ్చే ఏర్పాటు క్లబ్బు స్థాయిలో ఉండాలి.

చెన్నైలో వనరులకు కొదవ లేదు. ఫాస్ట్‌బౌలర్లను తీర్చిదిద్దే ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్ 1987 నుంచి ఇక్కడే ఉంది. బౌలింగ్ యాక్షన్ పరీక్షలకు ఐసీసీ గుర్తించిన కేంద్రం పోరూరులో ఉంది. మంచి స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్లున్నారు. రాష్ట్ర సంఘం వీళ్లతో ఒప్పందం చేసుకుని, లీగ్‌లో నమోదైన ప్రతి ఆటగాడికీ, ఆటగత్తెకూ గాయాల బీమా కల్పించాలి. ఆ బీమా ఆపరేషన్ బిల్లుతో ఆగకుండా ఫిజియోథెరపీ పూర్తయ్యే దాకా వర్తించాలి. ఆంధ్ర, హైదరాబాద్ సంఘాలనూ ఇదే కోరుతున్నాం. వచ్చే సీజన్ రిజిస్ట్రేషన్ల నుంచే ఇది అమల్లోకి రావాలి. క్లబ్బులు కూడా ఒక నియమం పెట్టుకోవాలి: మైదానంలో గాయపడిన ఆటగాడి పేరు, ఫిజియో ఫిట్‌నెస్ తేల్చి చెప్పే వరకు జట్టు జాబితాలోంచి కొట్టెయ్యకూడదు.