‘సంఘంలోనే తేల్చేశాం’ అంటే కుదరదు

"పాస్టరు గారు తప్పు ఒప్పుకున్నారండి, సంఘం ముందు మోకరించి ఏడ్చారు, ఇంక వదిలెయ్యండి." ఒక పాస్టరు చిన్నపిల్ల మీద లైంగిక నేరం చేశాడని బయటపడితే మళ్ళీ అదే మాట. ఊరి పేరు రాయట్లేదు, రాస్తే ఆ పిల్ల ఎవరో పక్క పేటోళ్లకి కూడా తెలిసిపోద్ది, పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన పోక్సో చట్టం 23వ సెక్షన్ కూడా రాయొద్దనే అంటోంది. కోనసీమలో గానీ నరసాపురం వైపు గానీ ఇలాంటివి ఎలా ముగుస్తాయో మీకు మేం కొత్తగా చెప్పక్కర్లేదు. పెద్దలు కూర్చుంటారు, ఒక కాగితం రాస్తారు, పిల్ల తండ్రి చేత కూడా సంతకం పెట్టిస్తారు, పాస్టరు గారు ఇంకో ఊరెళ్ళిపోతారు.

మా భయమంతా ఆ ఇంకో ఊరి గురించే. అక్కడా సండే స్కూల్ ఉంటది, అక్కడా పిల్లలుంటారు, ఆ ఊరోళ్లకి మాత్రం ఈ కాగితం సంగతి ఎవరూ చెప్పరు. ఒక్కసారి సర్దేస్తే ఆ చేసినోడికి అర్థమైపోద్ది ఎంతలో బయటపడొచ్చో, చూస్తున్న మిగతా పిల్లలకీ అర్థమైపోద్ది నోరు విప్పినా లాభం లేదని.

చర్చిల మీద బురద జల్లడానికి కాచుక్కూర్చున్నోళ్లు ఉన్నారు, పగతో పెట్టే కేసులూ ఉంటాయి అని పెద్దలు అంటున్నారు, నిజమే, కాదనం. కానీ పరువు తియ్యాలనో డబ్బు గుంజాలనో అబద్ధపు ఫిర్యాదు ఇచ్చే పెద్దోళ్లకి శిక్ష అదే చట్టం 22వ సెక్షన్లో ఉంది. నిజమో అబద్ధమో తేల్చాల్సింది పోలీసులు, కోర్టు. సంఘపెద్దలకి ఆ పని ఎవరు అప్పజెప్పారు? ఆ బురద జల్లేవాళ్లకి బురద కలిపి ఇస్తోంది కూడా దాచిపెట్టే మీరే.

2012 నుంచి ఉన్న చట్టం ఇది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి, 19వ సెక్షన్. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, తన కింద పనిచేసేవాడి నేరం దాచిపెట్టిన సంస్థ పెద్దకైతే ఏడాది దాకా, 21వ సెక్షన్. మంచి ఉద్దేశంతో చెప్పినోళ్ల మీద ఏ కేసూ పెట్టడానికి లేదు. మత సంస్థలో పనిచేసేవాడే ఆ సంస్థలో పిల్లల మీద ఈ పని చేస్తే చట్టం దాన్ని మరింత తీవ్రమైన నేరంగా లెక్కేస్తది. ఇక రాజీ అంటారా, రాజస్థాన్‌లో ఒక టీచరు మీద కేసుని తండ్రితో రాజీ అయిందని హైకోర్టు కొట్టేస్తే 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే కొట్టేసి కేసు నడవాల్సిందే అంది. హైకోర్టు ఒప్పుకున్న రాజీయే నిలబడలేదు, మీ కాగితం నిలబడుద్దా?

ఇంకో మాట, ఇది మన డెల్టాకే చెందింది. ఇక్కడ చాలా ఇళ్లల్లో తల్లి కువైట్లోనో మస్కట్లోనో ఇంటిపని చేస్తా ఉంటది, పిల్లలు అమ్మమ్మ దగ్గర. ఆ ముసలావిడ సాయంత్రం పూట పిల్లల్ని పంపేది ఎక్కడికి, చర్చికే, కీబోర్డు నేర్చుకుంటారని, పాటల ప్రాక్టీసని, ఉపవాస ప్రార్థనని. కొందరైతే పాస్టరు గారు నడిపే హాస్టల్లోనే ఉంచేస్తారు. గల్ఫ్‌లో నెలంతా కష్టపడి పంపే డబ్బులో దశమభాగం, అంటే పదోవంతు, చర్చికి కూడా తీసిస్తది ఆ తల్లి. అంత నమ్మకం! ఆ హాస్టళ్లలో పిల్లల సంరక్షణకి ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్నవి ఎన్నో, ఉత్త బోర్డు పెట్టి నడుస్తున్నవి ఎన్నో అధికారులు ఒకసారి తిరిగి చూడాలి.

మాది ఇండిపెండెంట్ చర్చి, మాకు పైన బిషప్ లేడు అనేది ఇంకో సాకు. అమెరికాలో సదరన్ బాప్టిస్టు అనే పెద్ద చర్చిల కూటమి నాయకులూ ఇదే అన్నారు, ఏ చర్చికి ఆ చర్చే మేమేం చెయ్యగలం అని, తీరా చూస్తే నిందితుల పేర్ల లిస్టు ఏళ్ల తరబడి వాళ్ల ఆఫీసులోనే ఉందని 2022లో బయటివాళ్ల విచారణలో తేలింది. క్యాథలిక్కులు ఎన్నో దేశాల్లో తలదించుకున్నాక 2019లో పోప్ ఫ్రాన్సిస్ రూలు తెచ్చారు, ఫాదర్లయినా సిస్టర్లయినా తెలిసింది పైకి రిపోర్ట్ చెయ్యాల్సిందే అని. మన దగ్గర 1830ల్లోనే నరసాపురంలో మిషన్ మొదలైంది, ఇన్నేళ్ల సంఘాలకి ఇంత చిన్న రూలు ఒకటి రాసుకునే తీరిక దొరకలేదా? దైవజనుణ్ణి వేలెత్తి చూపకూడదని వాక్యం ఎత్తుతారు గానీ, బైబిల్లో యాజకుడు ఏలీ కథ మాత్రం ఎత్తరు. కొడుకులు దేవుని గుడారం దగ్గర ఏ పాపం చేస్తున్నారో తెలిసీ నాలుగు మాటలు మందలించి ఊరుకున్న ఆ పెద్దాయనకి దేవుడు ఏ శిక్ష వేశాడో మీరే కదా ఆదివారం బోధించేది!

మే వస్తే ఊరూరా వీబీఎస్‌లు, అంటే సెలవుల బైబిల్ క్లాసులు, పిల్లలు గుంపులుగా వస్తారు. ఏ గదిలోనూ ఒక్క పెద్దమనిషితో ఒక పిల్ల ఉండకూడదు, ప్రార్థన పేరుతో తలుపెయ్యడం అసలు కుదరదు, రాత్రి కూడిక అయ్యాక ఆటోలో ఎవరు దింపుతున్నారో తల్లిదండ్రులకి తెలియాలి, పాఠం చెప్పడానికొచ్చిన కుర్రోడు ఇంతకుముందు ఉన్న సంఘానికి ఒక ఫోన్ చేసి కనుక్కోవాలి. డబ్బు ఖర్చయ్యే పనా ఇది?

బిషప్పులూ, పాస్టర్ల ఫెలోషిప్ ప్రెసిడెంట్లూ, సంఘపెద్దలూ, మైకు దొరికితే గంటన్నర పరిశుద్ధత మీద మాట్లాడతారు. ఆపదలో ఉన్న పిల్లల కోసం ఉన్న చైల్డ్‌లైన్ నంబర్ 1098, నాలుగంటే నాలుగు అంకెలు, మీ పుల్పిట్ మీంచి ఇప్పటిదాకా ఎంతమంది పలికారు?