హోంవర్కులో చోటు దొరకని సిపాయి

గత నవంబరులో, ఇక్కడ అమెరికాలో మాజీ సైనికులను తలుచుకునే వెటరన్స్ డేకి ముందు వారం, మా ఐదో తరగతి అబ్బాయి బడి నుంచి ఒక కాగితం తెచ్చాడు. యుద్ధకాలపు వీరుడొకరి గురించి ఒక పేజీ రాసుకు రమ్మని అందులో ఉంది. పావుగంటలో పని ముగిసింది: ఇంటర్నెట్‌లో ఒక సుప్రసిద్ధ సేనాధిపతిని వెతికి పట్టుకుని, ఆయన పుట్టిన ఊరు, గెలిచిన యుద్ధాలు, అందుకున్న పతకాలు వరసగా ఎత్తి రాసి, ఒక బొమ్మ అంటించి సంచిలో పెట్టేశాడు. అప్పుడు మా దగ్గరే ఉన్న మా అమ్మ అదంతా చూసి, "మా పెదనాన్న గురించి రాయకూడదా నాన్నా, ఆయనా యుద్ధానికి వెళ్లొచ్చినవాడే కదా" అంది. "ఆయన ఏం చేశారు నానమ్మా?" అన్నాడు వాడు. "లారీ తోలాడు" అంది. వాడు మర్యాదగా తల ఊపి ఆడుకోవడానికి వెళ్లిపోయాడు.

లారీ తోలినవాడు వీరుడెలా అవుతాడన్న సందేహంలో వాడి తప్పేమీ లేదు. రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో, జపాన్ సైన్యం ఈశాన్య భారతంలోని కోహిమాను ముట్టడించి, దీమాపూర్ నుంచి ఇంఫాల్ వెళ్లే కొండదారిని తెగ్గొట్టినప్పుడు, ఇంఫాల్‌లో చిక్కుకున్న బ్రిటిష్ ఇండియా సైన్యానికి తిండీ మందుగుండూ విమానాల్లో చేరవేయవలసి వచ్చింది. జూన్ 22న దారి మళ్లీ తెరుచుకున్నాక ఆ భారంలో పెద్ద వాటా లారీల మీద, అంటే నడివానాకాలంలో, ఒక పక్క లోయ ఉన్న బురదదారిలో వాటిని నడిపినవారి మీద పడింది. మా అమ్మ పెదనాన్న వారిలో ఒకరు. తాడేపల్లిగూడెం దగ్గరి మా ఊరికి తిరిగి వచ్చాక ఆయన యుద్ధం గురించి దాదాపుగా మాట్లాడేవారు కారట; మాట్లాడితే బురద గురించే మాట్లాడేవారట. ఇలాంటి మనిషి ఏ విజ్ఞాన సర్వస్వంలోనూ దొరకడు, దొరికేది ఇంట్లో మాత్రమే. ఇంటికి పంపే పనిలో ఇంటివాళ్లను అడగవలసిన ప్రశ్న ఒక్కటీ లేకపోవడం నాకు వింతగా తోచింది.

ఇక్కడి మన తెలుగు సంఘం పిక్నిక్కుల్లో హోంవర్కు మాట రాగానే తల్లిదండ్రులు రెండు జట్లుగా విడిపోవడం మీరంతా చూసే ఉంటారు. ఇక్కడి బడుల్లో ఇచ్చేది ఏ మూలకూ చాలదని, వారాంతాల్లో లెక్కల తరగతులకు పంపకపోతే పిల్లలు వెనకబడతారని ఒక జట్టు వాదిస్తుంది. సాయంత్రాలన్నీ కాగితాలకే పోతే బాల్యం ఎప్పుడు గడుస్తుందని రెండో జట్టు అడుగుతుంది. ఇండియాలో కూడా 2020 నాటి స్కూలు బ్యాగు విధానం రెండో తరగతి వరకు హోంవర్కు వద్దని చెప్పిందని ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. ఈలోగా పులిహోర చల్లారిపోతుంది.

ఈ తగవు అమెరికాకు కొత్తది కాదు. కాలిఫోర్నియా 1901లోనే చిన్న తరగతుల పిల్లలకు హోంవర్కు ఇవ్వడాన్ని చట్టం చేసి మరీ నిషేధించి, 1917లో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. 1957లో సోవియట్ యూనియన్ తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను ప్రయోగించాక, చదువు దేశరక్షణ వ్యవహారమైపోయింది. మరుసటి ఏడు వచ్చిన చట్టానికి పెట్టిన పేరే జాతీయ రక్షణ విద్యా చట్టం. 1983లో ప్రభుత్వ సంఘమొకటి సమర్పించిన నివేదిక, దేశంలోని నాసిరకం చదువును ఏ శత్రుదేశమో అమెరికా మీద రుద్ది ఉంటే దాన్ని యుద్ధచర్యగా భావించేవాళ్లమని చెప్పి, హైస్కూలు పిల్లలకు ఇంకా చాలా ఎక్కువ హోంవర్కు ఇవ్వాలని సిఫారసు చేసింది. అంటే పదేళ్ల పిల్లవాడి భిన్నాల కాగితం మీద కూడా పెద్దవాళ్ల యుద్ధాల నీడ పడుతూనే వచ్చిందన్నమాట.

ఫలితం మాటకొస్తే, డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారిస్ కూపర్ బృందం అప్పటి పరిశోధనలను సమీక్షించి 2006లో తేల్చిన సంగతి, హోంవర్కుకూ మార్కులకూ ఉన్న సంబంధం ఏడో తరగతి నుంచి పైన బలంగానూ, కింది తరగతుల్లో బలహీనంగానూ ఉందని. రోజుకు తరగతికి పదేసి నిమిషాలు చాలునన్న లెక్క కూడా ప్రచారంలో ఉంది. దాని ప్రకారం మావాడికి యాభై నిమిషాలు. చిన్న తరగతుల్లో ఒకే రకం లెక్కలు ముప్పై సార్లు చేయించే కాగితాలను ఆపేస్తే నష్టమేమీ లేదని నా అభిప్రాయం. పిల్లవాణ్ని ఇంట్లో ఒక పెద్దమనిషి ఎదుట కూర్చోబెట్టే పనికి మాత్రం యాభై నిమిషాలు చాలకపోయినా నాకు అభ్యంతరం లేదు.

సామాన్య సైనికుల విషయంలో ఈ పని ఎందుకు అవసరమో చెబుతాను. మొదటి ప్రపంచయుద్ధంలో భారతదేశం నుంచి పది లక్షలకు పైగా మనుషులు సముద్రాలు దాటి వెళ్లారు. డెబ్బై వేలకు పైగా తిరిగి రాలేదు. యుద్ధం ముగిశాక ఆంగ్ల ప్రభుత్వం మన దేశంలో చాలా ఊళ్లలో పాతించిన రాళ్ల మీద, ఈ ఊరి నుంచి ఇంతమంది వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అన్న అంకెలే ఉంటాయి, పేర్లుండవు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కి, భారతీయ సిపాయిలను పటాలాలవారీ సంఖ్యలుగా సరిపెట్టారు. ఆ యుద్ధంలో పోయినవారిలో కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మందికి, పేరుతో స్మారకమే దక్కలేదని, వారిలో అత్యధికులు ఆఫ్రికా, మధ్యప్రాచ్యాలకు చెందినవారని కామన్వెల్త్ యుద్ధసమాధుల కమిషన్ 2021లో తానే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది.

అమెరికాలో పెరిగే మన పిల్లలకు పంజాబ్ నుంచి వలస వచ్చిన సిక్కు భగత్‌సింగ్ థింద్ కథ ఇంకా దగ్గరగా ఉంటుంది. 1918లో ఆయన అమెరికా సైన్యంలో చేరారు, క్యాంప్ లూయిస్ అనే సైనిక శిబిరంలో తలపాగాతోనే శిక్షణ పొందారు. యుద్ధభూమికి వెళ్లకముందే యుద్ధం ముగిసింది. ఆయన తెల్లజాతివారు కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని 1923లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మాజీ సైనికుల కోసం 1935లో చేసిన చట్టం పుణ్యమా అని 1936లో ఆయనకు పౌరసత్వం దక్కింది. పతకాల జాబితా మాత్రమే అడిగే హోంవర్కులో ఈ సిపాయి కూడా ఇమడడు.

పంజాబీలు ఈ విషయంలో మనకంటే ముందున్నారు. మొదటి యుద్ధంలో పనిచేసిన 3,20,000 మంది పంజాబీ సైనికుల రికార్డులు తొంభై ఏడేళ్లు లాహోర్ మ్యూజియంలో మూలుగుతుంటే, బ్రిటన్‌లో స్థిరపడిన పంజాబీల వారసత్వ సంఘమొకటి అక్కడి గ్రీనిచ్ విశ్వవిద్యాలయంతో కలిసి వాటిని కంప్యూటరులోకి ఎక్కించడం మొదలుపెట్టింది. తమ ఊరి పేరు కొట్టి ముత్తాతను వెతుక్కునే వీలు వారికి అలా కలిగింది. తెలుగునాట ప్రతి ఇంటి నుంచి ఒకరు సైన్యంలో ఉంటారని పేరుబడ్డ మిలటరీ మాధవరం అనే ఊరుంది, సైన్యానికి దారులూ వంతెనలూ వేసే మద్రాసు సాపర్ల దళంలో పనిచేసిన తెలుగువారి కుటుంబాలున్నాయి. ఆ యుద్ధాలకు వెళ్లొచ్చినవారు దాదాపుగా వెళ్లిపోయారు. వారి మాటలు విన్నవారికి కూడా ఎనభై దాటుతున్నాయి.

కనుక మన సంఘం నడిపే వారాంతపు తెలుగు బడిలో, నవంబరు నెలకు గుణింతాల కాగితాలు పక్కన పెట్టి, ఒక్క పనే ఇవ్వాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను: బంధువుల్లో సైన్యంలో పనిచేసినవారికో, వారిని ఎరిగినవారికో ఫోన్ చేసి, ఏ పటాలం, ఏ ఊళ్లు, ఏం తిన్నారు, ఇంటికి ఏం తెచ్చారు అని తెలుగులో అడిగి, విన్నది విన్నట్టు తెలుగులో రాసుకు రావాలి. ఇంట్లో సైనికులు లేని పిల్లలు తోటివారి తాతయ్యలను అడగవచ్చు. ఈ పత్రికలో రెండు పేజీలు అందుకు కేటాయిస్తే చాలు.

మావాడు ఆ ఆదివారం మళ్లీ నానమ్మ దగ్గరికి వచ్చి, లారీ బురదలో దిగబడితే ఏం చేసేవారని అడిగాడు. దానికి జవాబు ఆవిడకూ తెలియదు. ఊళ్లో ఉన్న మా పిన్నికి ఫోన్ చేశారు. పెదనాన్నగారి ట్రంకు పెట్టె ఇంకా అటక మీదే ఉందని, సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు దింపి చూస్తానని ఆవిడ చెప్పింది.