కాల్‌డేటాకు కాపలా ఎవరు?

హత్య జరిగిన మర్నాడు సీమలో ఏ పోలీస్ స్టేషన్‌కు వెళ్లినా ముందుగా వినిపించేది 'సీడీఆర్ తీశారా?' అన్న మాటే. సీడీఆర్ అంటే కాల్ వివరాల రికార్డు. సాక్షులు నోరు విప్పని ఊళ్లలో, విప్పినా కోర్టు మెట్లెక్కేసరికి మాట మార్చే చోట ఫోన్ కంపెనీ దగ్గరున్న ఆ జాబితాయే దర్యాప్తుకు దిక్కవుతోంది. ఏ నంబరు నుంచి ఏ నంబరుకు, ఎన్ని గంటలకు, ఎన్ని సెకన్లు, ఆ ఫోను గుర్తింపు సంఖ్య (ఐఎంఈఐ) ఎంత, కాల్ మొదలైనప్పుడు ఏ టవర్, ముగిసినప్పుడు ఏ టవర్ అన్నవి ఒక్కో కాల్‌కు ఒక్కో వరుసగా ఉంటాయి. మాట్లాడుకున్న మాటలు ఉండవు. ఆ మాటలు లేకున్నా మనిషి ఎక్కడ తిరిగాడో, ఎవరితో మెలిగాడో ఇట్టే తెలిసిపోతుంది.

ఈ రికార్డులను ఏడాది పాటు దాచాలన్న ఫోన్ కంపెనీల లైసెన్సు షరతును కేంద్ర టెలికాం శాఖ 2021 డిసెంబరులో రెండేళ్లకు పెంచింది. ఇంటర్నెట్ వాడకాన్ని గుట్టుగా ఉంచే వీపీఎన్ కంపెనీలు కూడా ఖాతాదారుల వివరాలను ఐదేళ్లు ఉంచాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. దర్యాప్తుకు ఈ సమాచారం అక్కర్లేదని మేం అనం. ఉగ్రవాద కేసుల్లో నిందితులైన ఇద్దరు రాయచోటిలో ఏళ్ల తరబడి అందరిలో ఒకరిలా బతికి, 2025లో తమిళనాడు పోలీసులకు చిక్కారు. అలాంటి కేసుల్లో పాత కాల్ రికార్డుల విలువ ఏమిటో వేరే చెప్పాలా!

అయితే దాస్తున్నది అనుమానితుల వివరాలే కాదు, ఫోనున్న ప్రతి ఒక్కరివీ. దేవుని కడప రథోత్సవం నాడు అక్కడేదైనా నేరం జరిగి పోలీసులు టవర్ డంప్, అంటే ఆ వేళ ఆ టవర్ పరిధిలో ఉన్న ఫోన్ల జాబితా మొత్తం తీస్తే, తేరు లాగడానికి వచ్చిన వేలమంది నంబర్లూ ఆ ఫైల్లోకి చేరతాయి. కేసు తేలాక ఆ ఫైలు ఏమవుతోందో, ఎవరి కంప్యూటర్‌లో ఉంటోందో జనానికి చెప్పే దిక్కు లేదు.

ఈ గడ్డ మీద ఇది మరీ భయపడాల్సిన సంగతి. ఫ్యాక్షన్ రోజుల్లో ప్రత్యర్థి ఏ పూట ఏ దారిన వస్తాడో తెలిస్తే చాలు, మాటు వేసేవారు. అందుకే దారులు మార్చుకుంటూ, బయల్దేరే వేళ ఇంట్లో వాళ్లకూ చెప్పకుండా తిరిగినవాళ్లు ఎందరో. ఆ గుట్టు ఇప్పుడు రెండేళ్ల లెక్కతో సహా సర్వర్లలో ఉంది. అది పక్కదారి పట్టదన్న భరోసా ఏది? రాజ్యసభలో అప్పటి ప్రతిపక్ష నేత అరుణ్ జైట్లీ కాల్ రికార్డులనే అక్రమంగా తీయబోయిన కేసులో 2013లో ఓ ఢిల్లీ కానిస్టేబుల్ అరెస్టయ్యాడు. అంతటి నేతకే ఆ గతి పడితే జమ్మలమడుగు రైతును కాచేదెవరు?

మాడ్రిడ్, లండన్ పేలుళ్ల తర్వాత యూరోపియన్ యూనియన్ 2006లో ఇలాంటి నిబంధనే తెచ్చింది. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా అందరి డేటా దాచమంది. నేరంతో సంబంధం లేనివారినీ కలిపేసిందని, అధికారుల చేతికి డేటా అందే ముందు కోర్టు తనిఖీ పెట్టలేదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2014 ఏప్రిల్ 8న దాన్ని కొట్టేసింది. మన సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా తేల్చి, ప్రభుత్వం అందులో తలదూర్చాలంటే దానికో చట్టం, సరైన అవసరం ఉండాలని, ఆ జోక్యం అవసరానికి మించరాదని చెప్పింది. లైసెన్సు షరతు ఈ పరీక్షకు నిలుస్తుందని మేం నమ్మడం లేదు. 2023 నాటి డేటా రక్షణ చట్టమేమో ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులిచ్చే తలుపు తెరిచే ఉంచింది.

గడువు ముగిసి రికార్డు చెరిగిపోతే అమాయకుడికీ నష్టమే. విచారణ మొదలయ్యేసరికి 'ఆ రాత్రి నేను గుత్తిలో ఉన్నా' అని చూపే ఆధారం మిగలదు. అందుకే నిందితుడు కోరినా ఆ రికార్డును కేసు తేలేదాకా భద్రపరచాలి. సీడీఆర్ కావాలంటే ఎస్పీ సంతకంతో సరిపెట్టకుండా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. ప్రాణం మీదికొచ్చిన అత్యవసరాల్లో ముందు తీసుకుని, రెండు రోజుల్లోగా అనుమతి పొందవచ్చు. టవర్ డంప్‌లో కేసుతో సంబంధం లేని నంబర్లను చార్జిషీటు వేసిన రోజునే తుడిచేయాలి. ఇవన్నీ పార్లమెంటు చేసే చట్టంలో ఉండాలి. కర్నూలు, కడప, అనంతపురం ఎంపీలు ఏ పార్టీవారైనా వచ్చే సమావేశాల్లోనే దీన్ని లేవనెత్తాలని కోరుతున్నాం.