కొబ్బరిచెట్లు చాలండి బాబూ, పనిచేసే మనుషుల్ని చూపించండి

గోదావరి జిల్లాల మీద మంచి సినిమాలు, పుస్తకాలు చెప్పమని ఎవరడిగినా జనం ఇచ్చే జాబితా ఒకటే. కొబ్బరితోట, మండువా లోగిలి, పట్టుపంచె కట్టిన పెద్దాయన, నోరు తెరిస్తే 'ఆయ్', భోజనాల సీను. మాది పాలకొల్లు పక్కన, పుట్టిందీ ఉంటున్నదీ ఇక్కడే, నాకైతే ఇవి చూస్తుంటే ఎవరి పెళ్ళికో వేసిన సెట్టింగులా అనిపిస్తుంది తప్ప మా ఊరు కనపడదు. నేను చూసేది ఒక్కటే. కథలో మనిషి ఏం పని చేసి బతుకుతున్నాడు? అది తెలిసిందంటే కొబ్బరిచెట్టు ఒక్కటీ లేకపోయినా అది మా కథే.

ఇంకో తగువు కూడా ఉంది. 'అందాల రాముడు' (1973), 'గోదావరి' (2006) నాకూ ఇష్టమే, రెండో దాంట్లో బాలు పాడిన 'ఉప్పొంగెలే గోదావరి' ఎన్నిసార్లయినా వింటాను. కానీ ఆ రెండూ భద్రాచలం వైపు ఎగువకి పోయే ప్రయాణాలు. డెల్టా అంటే ధవళేశ్వరానికి దిగువ. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఇక్కడ వరి, రాకపోకలు, బేరసారాలు, చివరికి దొంగతనాలు కూడా కాలవ మీదే నడిచాయి. నమ్మకపోతే పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' చదవండి. అందరూ ఆయన్ని 'గాలివాన'తో గుర్తుపెట్టుకుంటారు, 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది కాబట్టి. నాకు మాత్రం 'పడవ ప్రయాణం' ఒక మెట్టు పైనే. రాత్రిపూట కాలవలో పడవ, అందులో రంగి, పద్దాలు అనే ఇద్దరు, రంగి చెప్పుకొచ్చే వాళ్ళిద్దరి గొడవ. పద్దాలు ఎలాంటివాడో రంగికి అందరికంటే బాగా తెలుసు, అయినా వదలదు. అదేం ప్రేమ అని చదివినవాళ్ళం మనమే కొట్టుకు చావాలి, రచయిత తీర్పు చెప్పడు. ఇంతకంటే చెప్తే మీకు చదవడానికేం మిగలదు.

'బారిస్టర్ పార్వతీశం' గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండు బయల్దేరిన కథ అని అందరికీ తెలుసు. అతనికి పనేముందయ్యా అంటారేమో, నిజమే, పార్వతీశానికి మినహాయింపు.

శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి దగ్గర మాత్రం మినహాయింపులు అవసరం లేదు. 'వడ్లగింజలు'తో మొదలుపెట్టండి. పెద్దాపురం మహారాజు ముందు చదరంగం ఆడాలని వచ్చిన పేద కుర్రాడు. ఆట కంటే ముందు ఆ కుర్రాణ్ణి మనుషులు ఎలా చూశారన్నదే నన్ను పట్టుకుంది. బహుమానంగా చదరంగం గళ్ళకి వడ్లగింజలు అడగడం, గడి గడికీ రెట్టింపు, ఒకటి, రెండు, నాలుగు... లెక్క తెలిసినవాళ్ళకి అక్కడ నవ్వాగదు. అది నచ్చితే ఆయన ఆత్మకథ 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' పట్టండి, లావు చూసి భయపడొద్దు. ఆ తెలుగు చదివాక మన వాట్సాప్ తెలుగు చూసుకుంటే కొంచెం సిగ్గేస్తుంది.

వంశీ 'మా పసలపూడి కథలు' ఏకబిగిన చదవకండి, మొహం మొత్తుతుంది. రోజుకొకటి చాలు. బాపు బొమ్మలున్న ప్రతి దొరికితే ఇంకా మంచిది.

వంశీదే సినిమా కావాలంటే 'లేడీస్ టైలర్' (1986). సుందరం చేతిలో మంచి పనుంది, ఒంట్లో బద్ధకం ఉంది. అలాంటి దర్జీ లేని ఊరు మా వైపు ఉందా? తొడ మీద పుట్టుమచ్చ ఉన్న పిల్లని పెళ్ళాడితే దశ తిరుగుతుందని వాడు చేసే వెతుకులాట ఇవాళ చూస్తే ఇబ్బందిగా ఉంటుంది, ఉండాలి కూడా. అయినా తనికెళ్ళ భరణి మాటల కోసం చూడాల్సిందే. వంశీదే 'సితార' సినిమాలో 'వెన్నెల్లో గోదారి అందం' పాటకి జానకమ్మకి జాతీయ అవార్డు వచ్చింది, దాన్నేమో జనం పడవ షికారు వీడియోలకి తగిలిస్తారు! అది బంగళాలో బందీ అయిన పిల్ల పాటండి, వేటూరి ఏం రాశాడో ఒక్కసారి వినండి. 'మూగ మనసులు'లో 'గోదారి గట్టుంది' రాసింది తెలంగాణ దాశరథి అని చెప్తే మా బావ ఇప్పటికీ ఒప్పుకోడు.

కొత్తవాటిలో 'రంగస్థలం' (2018). పొలాలకి మోటారుతో నీళ్ళు పెట్టే చిట్టిబాబు, సొసైటీ అప్పుల పేరుతో ఊరిని మింగే ప్రెసిడెంటు, దుబాయ్ నుంచి వచ్చిన అన్న. పాటలు, ఫైట్లు పక్కన పెట్టినా ఆ అప్పుల పుస్తకం ఒక్కటి చాలు.

ఇక నా కడుపుమంట. భీమవరం నుంచి సముద్రం దాకా వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. తెల్లవారుజామున కరెంటు పోతే ఏరియేటర్లు (చెరువు నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు) ఆగిపోతాయి, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, డీజిల్ జనరేటర్ అందుకునేలోపు నెలల కష్టం తేలిపోతుంది, ఆ టెన్షన్ ముందు ఏ థ్రిల్లరూ చాలదు. 2025లో అమెరికా సుంకాలు పెంచితే ఇక్కడ చెరువు గట్టు మీద కౌంటు రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి కట్టే ధర) పడిపోయింది. ఇంకోవైపు మా ఆడవాళ్ళు ఎంతమంది కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి ఇక్కడ డాబాలు కట్టారో ఏ వీధిలో అడిగినా చెప్తారు. పాలకొల్లు సినిమాకి అల్లు రామలింగయ్యని, దాసరిని, కోడి రామకృష్ణని ఇచ్చింది కదా, ఆ సినిమా మాకు ఒక్క రొయ్యల చెరువు కథ బాకీ ఉండదా? అమ్మ కువైట్‌లో, పిల్ల అమ్మమ్మ దగ్గర పెరిగిన ఇంటి కథ ఎవరైనా మనసుపెట్టి రాసి ఉంటే, చిన్న పత్రికలో వచ్చినా సరే, పేరు చెప్పండి. కొనుక్కుని చదువుతాను.